మూగబోయిన ల్యాప్‌టాప్: లినక్స్‌లో శబ్దం ఎక్కడ ఆగిపోతోంది?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు లేదనో, ప్రాసెసర్ పాతదనో విండోస్ 11 గుమ్మం బయటే నిలిచిపోయిన ల్యాప్‌టాప్‌లకు మిగిలిన దారుల్లో లినక్స్ ఒకటి. ఉబుంటునో మింట్‌నో ఎక్కించాక వైఫై దొరుకుతుంది, తెర వెలుగుతుంది, బ్రౌజర్ తెరుచుకుంటుంది. పాట పెడితే మాత్రం వినపడదు. సెట్టింగ్స్‌లో చూస్తే స్పీకర్ల పేరు ఉండాల్సిన చోట 'డమ్మీ అవుట్‌పుట్' అని ఉంటుంది. ఒక్కోసారి పేరు, గీత, గుర్తు అన్నీ సక్రమంగానే కనిపిస్తాయి, శబ్దమే రాదు.

పరిష్కారం వెతికితే దొరికే సలహాలు తక్కువేమీ కాదు. పల్స్‌ఆడియో అనే సౌండ్ సర్వర్‌ను తీసేయమని ఒకరు, మళ్లీ ఎక్కించమని ఒకరు చెబుతారు. కాన్ఫిగరేషన్ ఫైల్లో ఒక వరుస చేర్చమని ఇంకొకరు, లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్‌నే మార్చమని మరొకరు. ల్యాప్‌టాప్ కంపెనీనే మార్చమనేవాళ్లు చివర్లో వస్తారు. వీటిలో అబద్ధం దాదాపు లేదు. ప్రతి సలహా ఏదో ఒక ఏడాది, ఏదో ఒక యంత్రం మీద పనిచేసిందే. ఇబ్బంది అంతా అక్కడే ఉంది: పాతికేళ్లలో శబ్దం ఆగిపోయే చోటు మారుతూ వచ్చింది, సలహాలు మాత్రం పుట్టిన చోటే ఉండిపోయాయి.

శబ్దం నడిచే దారి

పాట ప్లేయర్ నుంచి శబ్దం ముందుగా సౌండ్ సర్వర్‌కు చేరుతుంది. ఉబుంటు, మింట్ వంటి నేటి లినక్స్ డిస్ట్రోల్లో అది ఎక్కువగా పైప్‌వైర్. నాలుగు ప్రోగ్రాముల శబ్దాన్ని కలిపి, స్పీకరుకు పంపాలా హెచ్‌డీఎంఐ తీగ గుండా టీవీకి పంపాలా అని తేల్చేది అదే. అక్కడి నుంచి కెర్నెల్‌లోని ఆల్సా డ్రైవర్‌కు వెళ్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో మధ్యలో డీఎస్పీ అనే చిన్న ప్రాసెసర్ ఉంటుంది, దానికి సొంత ఫర్మ్‌వేర్, అంటే చిప్పు లోపల నడిచే ప్రోగ్రాము, కావాలి. తర్వాత అంకెలను విద్యుత్ తరంగాలుగా మార్చే కోడెక్ చిప్పు, ఆపై ఆంప్లిఫయరు, చివరికి స్పీకరు. వీటిలో ఏ ఒక్కటి పనిచేయకపోయినా వినేవాడికి తెలిసేది నిశ్శబ్దమే. లక్షణం ఒకటే, జబ్బులు అరడజను.

మొదటి తగువు: డ్రైవర్ ఎవరిది?

లినక్స్‌లో శబ్దం కథ 1990ల తొలినాళ్లలో ఫిన్లాండ్‌కు చెందిన హన్ను సవోలైనెన్ సౌండ్ బ్లాస్టర్ కార్డు కోసం రాసిన డ్రైవర్‌తో మొదలైంది. అదే తర్వాత ఓఎస్‌ఎస్‌గా పెరిగింది. దాని అభివృద్ధిలో కొంత భాగం వాణిజ్య ఉత్పత్తిగా మారడం, కొత్త కార్డుల శక్తిని అది పూర్తిగా వాడుకోలేకపోవడం చాలామందికి నచ్చలేదు. చెక్ దేశస్థుడు యారొస్లావ్ కిసెలా గ్రేవిస్ అల్ట్రాసౌండ్ కార్డు కోసం మొదలుపెట్టిన పని 1998 నాటికి ఆల్సా అనే ప్రాజెక్టు అయింది. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెల్‌లో ఆల్సా అధికారిక వ్యవస్థగా నిలిచింది, ఓఎస్‌ఎస్ పక్కకు తప్పుకుంది. ఓఎస్‌ఎస్ కొత్త రూపాన్ని 2007లో స్వేచ్ఛా లైసెన్సు కింద విడుదల చేశాక 'మళ్లీ అటే పోదాం' అన్నవాళ్లు కొందరున్నారు కానీ అప్పటికే బండి వెళ్లిపోయింది.

ఆ కాలం వదిలిపెట్టిన ఒక అలవాటు ఇప్పటికీ కనిపిస్తుంది. కొత్తగా ఎక్కించిన ఆల్సాలో చానళ్లు మూసి ఉండేవి. ఆల్సామిక్సర్ అనే పనిముట్టు తెరిచి, 'ఎంఎం' అని ఉన్న చానల్ మీద ఎం అక్షరం నొక్కితే తెరుచుకునేది. ఇప్పుడు డిస్ట్రోలే వాటిని తెరిచి ఇస్తున్నాయి. అయినా మాస్టర్ తెరిచి ఉండి స్పీకర్ చానల్ మాత్రం మూసి ఉండటం, 'ఆటో మ్యూట్' వల్ల హెడ్‌ఫోన్ పెట్టకపోయినా పెట్టినట్టు భ్రమపడి స్పీకర్లు ఆగిపోవడం అరుదు కాదు. రెండు నిమిషాల పని కాబట్టి ముందుగా చూడాల్సిందే. అయితే ఎక్కువ సలహాలు ఇక్కడే మొదలై ఇక్కడే ఆగిపోతాయి.

రెండో తగువు: సర్వర్

ఆల్సాకు ముందు నుంచీ ఉన్న మరో చిక్కు అలాగే మిగిలింది. చవక కార్డుల్లో ఒకేసారి ఒక ప్రోగ్రామే శబ్దం పంపగలిగేది. సినిమా నడుస్తుంటే చాట్ ప్రోగ్రాము గంట మోగదు. దీన్ని దాటడానికి కేడీఈ వాళ్లు ఆర్ట్స్, గ్నోమ్ వాళ్లు ఈఎస్‌డీ అనే సర్వర్లు వాడారు. సంగీతకారుల కోసం పాల్ డేవిస్ జాక్ తెచ్చాడు. 2004లో లెన్నార్ట్ పోటరింగ్ మొదలుపెట్టిన పాలిప్ఆడియో, పేరు మార్చుకుని పల్స్‌ఆడియోగా 2007 నవంబరులో ఫెడోరా 8లోకి, 2008 ఏప్రిల్‌లో ఉబుంటు 8.04లోకి వచ్చింది.

తర్వాతి రెండు మూడేళ్లు రచ్చ. శబ్దం తెగిపోయేది, ఆలస్యమయ్యేది, కొన్ని యంత్రాల్లో అసలు వచ్చేది కాదు. సమర్థకుల వాదన ఇదీ: మునుపెవరూ వాడని డ్రైవర్ సదుపాయాలను పల్స్‌ఆడియో వాడుతోంది, డ్రైవర్లలో దాగిన లోపాలే ఇలా బయటపడుతున్నాయి. విమర్శకులది సూటి జవాబు: నిన్నటిదాకా వినపడేది, ఇవాళ వినపడటం లేదు, మాకు తెలిసింది ఇదే. న్యాయంగా చూస్తే ఇద్దరి మాటా నిజమే. సిద్ధంకాని డ్రైవర్ల మీద ఈ సర్వర్‌ను అందరి నెత్తిన రుద్దిన డిస్ట్రోల తొందరపాటూ తక్కువేమీ కాదు. 'పల్స్‌ఆడియో తీసేయండి' అన్న సలహా పుట్టింది ఆ రోజుల్లోనే.

తర్వాత రెడ్ హ్యాట్‌లో విమ్ టేమాన్స్ మొదట వీడియో కోసం మొదలుపెట్టిన పైప్‌వైర్, శబ్దాన్ని కూడా తలకెత్తుకుంది. 2021 ఏప్రిల్‌లో ఫెడోరా 34, 2022 అక్టోబరులో ఉబుంటు 22.10, 2024లో మింట్ 22 దాన్ని డిఫాల్ట్ సర్వర్‌గా తీసుకున్నాయి. 2023 నవంబరులో పైప్‌వైర్ 1.0 రూపం వచ్చింది. ఈసారి మార్పిడి దాదాపు నిశ్శబ్దంగా జరిగిపోయింది. ఈ విషయంలో ఆ మాట మెచ్చుకోలే. పాత ప్రోగ్రాములు పల్స్‌ఆడియోతో మాట్లాడుతున్నామనుకునేలా పైప్‌వైర్ దాని భాషలోనే జవాబిస్తుంది. కాబట్టి సమాచారం అడిగితే 'పైప్‌వైర్ మీద పల్స్‌ఆడియో' అని వస్తుంది. దాన్ని చూసి రెండూ కొట్టుకుంటున్నాయని భయపడి ఒకదాన్ని పీకేసేవాళ్లు, పని చేస్తున్న శబ్దాన్ని చేజేతులా పోగొట్టుకుంటారు.

సర్వర్ దోషమా కాదా తేల్చడానికి తేలిక పరీక్ష ఒకటుంది. బ్లూటూత్ హెడ్‌సెట్ కలిపి చూడాలి. బ్లూటూత్ శబ్దం సర్వర్ గుండా వెళ్తుంది కానీ ల్యాప్‌టాప్ కోడెక్ చిప్పును తాకదు. హెడ్‌సెట్‌లో పాట వినపడి స్పీకర్లలో వినపడకపోతే సర్వర్‌ను వదిలేసి కిందికి దిగాలి. ఈనాటి ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ సార్లు కిందికే దిగాల్సి వస్తుంది.

తీగల పటం ఎవరి దగ్గర ఉంది?

అసలు చర్చ ఇక్కడ మొదలవుతుంది. 2004లో ఇంటెల్ హెచ్‌డీ ఆడియో ప్రమాణం తెచ్చింది. 1997 నాటి ఏసీ 97 స్థానంలో వచ్చిన ఈ ప్రమాణం ఉద్దేశం గొప్పది: కోడెక్ రియల్‌టెక్‌దైనా కొనెక్సెంట్‌దైనా ఒకే డ్రైవర్‌తో మాట్లాడించవచ్చు. లినక్స్‌కు వరమనిపించింది. అయితే ప్రమాణం చిప్పు గురించి చెప్పింది, చిప్పు కాళ్లకు తయారీదారు ఏ తీగ కలిపాడో చెప్పలేదు. ఆ వివరాన్ని యంత్రం మొదలవగానే నడిచే బయాస్‌లో రాసి ఉంచాలి. చాలా కంపెనీలు ఆ పట్టికను తప్పుగానో సగంగానో రాసి, అసలు సంగతిని తమ విండోస్ డ్రైవర్‌లో పెట్టుకున్నాయి. విండోస్‌లో అన్నీ సరిగ్గా వినపడేది బయాస్ సరిగ్గా ఉన్నందువల్ల కాదు. తప్పును దిద్దే డ్రైవర్ ఫ్యాక్టరీలోనే ఎక్కి వచ్చినందువల్ల.

లినక్స్ దగ్గర ఆ డ్రైవర్ లేదు. ఉన్నది, కెర్నెల్‌లో ఏళ్ల తరబడి పోగైన మినహాయింపుల జాబితా. 'ఈ గుర్తింపు సంఖ్య ఉన్న ల్యాప్‌టాప్‌లో స్పీకరు ఫలానా కాలికి కలిసి ఉంది' అనే వరుసలు ఒక్క రియల్‌టెక్ చిప్పులకే వందల కొద్దీ ఉన్నాయి. సూసే సంస్థలో పనిచేసే తకాషి ఇవాయ్ చాలా ఏళ్లుగా ఈ విభాగానికి నిర్వాహకుడు. వరుసల్లో కొన్ని కంపెనీ ఇంజనీర్లు పంపినవి, కొన్ని కోడెక్ తయారీదారులు పంపినవి, మిగిలినవి సొంత ల్యాప్‌టాప్‌ను నెలల తరబడి పరీక్షించి తెలుసుకున్న మామూలు వినియోగదారులవి. ఒకే మోడల్ పేరు కింద ఇంటెల్ రూపం, ఏఎండీ రూపం వేర్వేరు చిప్పులతో అమ్ముడవుతుంటాయి కాబట్టి 'మా స్నేహితుడి అదే ల్యాప్‌టాప్‌లో వస్తోంది' అన్న మాటకు ఇక్కడ విలువ లేదు.

కాన్ఫిగరేషన్ ఫైల్లో 'మోడల్' అనే వరుస చేర్చమనే సలహా ఈ పొరకు చెందినది. జాబితాలో లేని యంత్రానికి దగ్గరి యంత్రం పటం అంటగట్టడం దాని పని. గురి కుదిరితే వెంటనే పలుకుతుంది. అయితే వేరే యంత్రం పటాన్ని గుడ్డిగా దించుకుంటే మైకు పోవడం, హెడ్‌ఫోన్ గుర్తింపు పోవడం మామూలే. హెచ్‌డీఏ జాక్ రీటాస్క్ అనే పనిముట్టు ఇంతకంటే మేలు. ఏ కాలికి ఏముందో ఒక్కొక్కటిగా మార్చి చూడనిస్తుంది, నచ్చకపోతే వెనక్కి తీసుకోవచ్చు.

ఈ దశలోనే ఒక చిన్న మోసం కూడా ఉంది. విండోస్, లినక్స్ రెండూ ఉంచుకున్నవాళ్లు విండోస్ నుంచి రీస్టార్ట్ చేసి నేరుగా లినక్స్‌లోకి వస్తే, విండోస్ డ్రైవర్ వదిలేసిన స్థితిలోనే కోడెక్ ఉండిపోయి స్పీకర్లు పలకకపోవచ్చు. యంత్రాన్ని పూర్తిగా ఆపి మళ్లీ పెడితే వస్తుంది. ఫాస్ట్ స్టార్టప్ ఉంటే విండోస్ షట్‌డౌన్ పూర్తిగా జరగదు కాబట్టి దాన్ని ఆపేయమంటారు. శబ్దం ఒకరోజు వచ్చి ఒకరోజు రాకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఫర్మ్‌వేర్: సిద్ధాంతం, సంతకం

ల్యాప్‌టాప్ తయారీదారులు డిజిటల్ మైకులకు మారాక పరిస్థితి తిరగబడింది. ఆ మైకులు కోడెక్‌కు కాకుండా ఇంటెల్ చిప్‌సెట్‌లోని డీఎస్పీకి నేరుగా కలిసి ఉంటాయి. డీఎస్పీ నడవాలంటే ఫర్మ్‌వేర్, దానికి తోడు ఏ దారి ఎటు వెళ్తుందో చెప్పే టోపాలజీ ఫైలు కావాలి. 2018లో ఇంటెల్ ప్రకటించిన సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ ఈ పని చేస్తుంది. ఆ ప్యాకేజీ ఎక్కకపోతే కార్డే పుట్టదు, సెట్టింగ్స్‌లో డమ్మీ అవుట్‌పుట్ మిగులుతుంది. కెర్నెల్ లాగ్‌లో ఫర్మ్‌వేర్ దొరకలేదన్న వరుస కనబడితే రోగం తేలినట్టే. డెబియన్‌లో, ఆర్చ్‌లో, ఫెడోరాలో ప్యాకేజీ పేరు కాస్త మారుతుంది కానీ మందు ఒకటే.

అవసరమైతే డీఎస్పీని తప్పించి పాత హెచ్‌డీ ఆడియో డ్రైవర్‌నే వాడమని కెర్నెల్‌కు చెప్పవచ్చు. స్పీకర్లు తిరిగి పలుకుతాయి. దానికి చెల్లించే మూల్యం డిజిటల్ మైకు. పాటలు వినేవాళ్లకు ఇది చాలు, వీడియో కాల్ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు సగం వైద్యమే. అన్నీ కొత్త సౌండ్‌వైర్ తీగల మీద నడిచే యంత్రాల్లో ఈ అడ్డదారి కూడా ఉండదు.

ఇక సిద్ధాంతం. సోర్సు లేని ఫర్మ్‌వేర్‌ను డిస్ట్రో ఇవ్వవచ్చా? ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆమోదించిన డిస్ట్రోలు ఇవ్వవు. హైదరాబాద్ 'స్వేచ్ఛ' వంటి సంస్థల ద్వారా ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాదం తెలుగువాళ్లకూ పరిచయమే. డెబియన్ చాలా ఏళ్లు మధ్యే మార్గం పాటించింది: ఫర్మ్‌వేర్ ఉంటుంది, అధికారిక ఇన్‌స్టాలర్‌లో మాత్రం ఉండదు. 2022లో సభ్యుల ఓటింగ్‌తో ఆ పద్ధతి మారి, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్‌తోనే వస్తోంది. వాడుకరి వైపు నుంచి చూస్తే ఈ నిర్ణయం ఎప్పుడో రావాల్సింది.

అయితే సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ ఈ వాదాన్ని మరో మలుపు తిప్పింది. దాని సోర్సు బహిరంగమే, ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు. కానీ దుకాణంలో కొన్న మామూలు ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ భాగం ఇంటెల్ సంతకం ఉన్న ఫర్మ్‌వేర్‌నే లోపలికి రానిస్తాయి. మార్చే హక్కు ఉంది, మార్చినదాన్ని సొంత యంత్రంలో నడిపే వీలు లేదు. స్వేచ్ఛ అంటే సోర్సు కనబడటమా, నడపగలగడమా అన్న పాత ప్రశ్న సౌండ్ చిప్పు దగ్గర ఇలా నగ్నంగా నిలబడింది.

ఏఎండీ యంత్రాల్లో స్పీకరు కంటే మైకే ఎక్కువ పోతుంది. డిజిటల్ మైకు ఉందని బయాస్ సరిగ్గా చెప్పనప్పుడు కెర్నెల్ మోడల్ పేర్ల జాబితా చూసుకుంటుంది. అందులో పేరు లేని యంత్రానికి మైకు లేనట్టే.

తెలివైన ఆంప్లిఫయర్లు

హెడ్‌ఫోన్‌లో బ్రహ్మాండంగా వస్తుంది, స్పీకర్లలో మాత్రం నిశ్శబ్దం, లేదా డబ్బాలోంచి వస్తున్నట్టు పీలగా ఉంటుంది. ఇటీవలి ఖరీదైన ల్యాప్‌టాప్‌లలో వినిపించే ఫిర్యాదు ఇది. కారణం, కోడెక్‌కూ స్పీకరుకూ మధ్య చేరిన స్మార్ట్ ఆంప్లిఫయర్. సిరస్ లాజిక్ సీఎస్35ఎల్41, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ టీఏఎస్2781 వీటిలో తరచూ కనబడేవి. సన్నని ల్యాప్‌టాప్‌లోని చిన్న స్పీకరును దాని హద్దుదాకా నెట్టి, కాలిపోకుండా కాపాడటం వీటి పని. అందుకు ఆ మోడల్ స్పీకరుకే సరిపోయే ట్యూనింగ్ ఫైలు, ఆంప్లిఫయరు ఎలా కలిపారో చెప్పే బయాస్ వివరం కావాలి.

ఆ వివరం చాలా యంత్రాల బయాస్‌లో లేదు. సిరస్ లాజిక్ ఇంజనీర్లే లినక్స్ డ్రైవర్ రాసి పంపారు. అయినా బయాస్ వదిలేసిన ఖాళీలను మోడల్ మోడల్‌కు కెర్నెల్‌లో పూరించాల్సి వచ్చింది. బయాస్ తప్పని డ్రైవర్ రాసేవాళ్లు, విండోస్‌లో పనిచేస్తోందని కంపెనీ, కెర్నెల్ పాతదని డిస్ట్రో చెబుతాయి. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం.

దీనికి పూర్తి భిన్నమైన మార్గం ఆపిల్ ఎం శ్రేణి చిప్పుల కోసం పనిచేసే అసాహి లినక్స్ బృందానిది. ఆ మ్యాక్‌బుక్‌లలో ఆంప్లిఫయర్ శక్తి స్పీకర్లను పాడుచేయగలిగినంతటిది. అందుకని డ్రైవర్ సిద్ధంగా ఉన్నా వాళ్లు స్పీకర్లను కావాలనే మూసి ఉంచారు. స్పీకరులోని తీగచుట్ట ఎంత వేడెక్కుతోందో లెక్కగట్టే భద్రతా ప్రోగ్రాము రాసి, ప్రతి మోడల్‌కూ విడిగా శబ్దాన్ని దిద్ది, ఆ తర్వాతే తెరిచారు. ఇప్పటికీ ఆ ప్రోగ్రాము నడవనిదే స్పీకర్లకు పూర్తి స్థాయి శబ్దం అందదు. శబ్దం రాకపోవడం ప్రతిసారీ లోపం కాదని చూపిన ఉదాహరణ ఇది.

ఏ వాదం ఎక్కడ చెల్లుతుంది

సర్వర్ మార్చమనే వాదం 2008 నుంచి రెండు మూడేళ్లు బలమైనది. పైప్‌వైర్ వచ్చాక మిగిలిన కాస్త బలమూ పోయింది. నేడు సర్వర్ దగ్గర చూడాల్సింది అవుట్‌పుట్ హెచ్‌డీఎంఐకి కాకుండా స్పీకరుకు ఎంపికై ఉందా అనేంతవరకే. ఫైల్లో వరుసలు చేర్చే వాదం హెచ్‌డీ ఆడియో కాలానిది. దాదాపు 2005 నుంచి 2018 దాకా వచ్చిన ల్యాప్‌టాప్‌లకు ఇప్పటికీ పనికొస్తుంది. విండోస్ 11 నిరాకరించిన యంత్రాల్లో ఎక్కువ భాగం ఈ వయసువే కాబట్టి, వాటి యజమానులకు ఇది శుభవార్తే: వాటి పటాలు చాలావరకు కెర్నెల్‌లో ఇప్పటికే చేరిపోయాయి.

కొత్త కెర్నెల్ వాదం కొత్త ల్యాప్‌టాప్‌లకు అన్నిటికన్నా బలమైనది. ఈ ఏడాది మార్కెట్లోకి వచ్చిన యంత్రం మీద రెండేళ్ల నాటి స్థిర డిస్ట్రో ఎక్కించి శబ్దం రాలేదంటే ఆశ్చర్యపడనక్కర్లేదు. ఉబుంటు తన దీర్ఘకాల రూపాలకు మధ్యమధ్యలో కొత్త కెర్నెల్ ఇస్తుంది, డెబియన్ బ్యాక్‌పోర్ట్స్ అనే విభాగం ద్వారా ఇస్తుంది. డిస్క్ మీద ఎక్కించకముందే తాజా ఫెడోరా పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి వింటే, కెర్నెల్ పాతదా కాదా పది నిమిషాల్లో తేలిపోతుంది. ఇంత చవక పరీక్షను సలహాలిచ్చేవాళ్లు ఎందుకంత తక్కువగా చెబుతారో అర్థం కాదు. ఈ వాదానికి ఉన్న లోటు ఒక్కటే: కొత్త కెర్నెల్ ఒక యంత్రానికి శబ్దం ఇచ్చి మరో యంత్రానికి తీసేసిన సందర్భాలూ ఉన్నాయి. పాత కెర్నెల్‌ను బూట్ మెనూలో ఉంచుకోవడం మేలు.

లినక్స్ కోసం పరీక్షించిన యంత్రమే కొనమనేవాళ్ల మాట సబబే, కాకపోతే ఇప్పటికే కొన్నవాడికి అది ఓదార్పు కూడా కాదు.

తేలనివి

తీగల పటాన్ని కెర్నెల్‌లో మోడల్ వారీగా పోగుచేస్తూ పోవడం ఎంతకాలం సాధ్యం? బయాస్‌లో సరిగ్గా రాయాలని కంపెనీలపై ఒత్తిడి తేవాలన్నది ఒక పక్షం. అది జరిగేదాకా వినియోగదారుడు మూగ యంత్రంతో కూర్చోలేడు, జాబితా పెరగనీ అన్నది రెండో పక్షం. ఆచరణలో రెండోదే గెలుస్తోంది, దాని బరువు కొద్దిమంది నిర్వాహకుల మీద పడుతోంది. సౌండ్‌వైర్ మీద నడిచే పరికరాలన్నిటికీ ఒకే తరహా వర్ణన ఉండాలంటున్న ఎస్‌డీసీఏ ప్రమాణం ఈ చిక్కు విప్పుతుందని ఆశపడుతున్నవాళ్లున్నారు. 2004లో హెచ్‌డీ ఆడియో ఇచ్చిన మాట కూడా ఇదే. ఈసారి బయాస్ రాసేవాళ్లు మాట నిలబెట్టుకుంటారనడానికి ఆధారం ఇంకా రాలేదు.

రెండోది నాణ్యత. శబ్దం వచ్చాక కూడా విండోస్‌లో విన్నంత నిండుగా ఉండదు, ఎందుకంటే అక్కడ కంపెనీ చేర్చిన దిద్దుబాటు సాఫ్ట్‌వేర్ లినక్స్‌కు రాదు. ఈజీఎఫెక్ట్స్ వంటి ప్రోగ్రాములతో ఎవరికి వారు చెవికి తోచినట్టు దిద్దుకుంటున్నారు. అసాహి బృందం చేసినట్టు ప్రతి మోడల్‌కూ కొలతలు తీసి దిద్దడం సరైన పద్ధతే. ఆపిల్ మోడళ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని. ఏటా వందల మోడళ్లు దించే మిగతా కంపెనీల యంత్రాలకు ఆ కొలతలు ఎవరు తీస్తారు, కంపెనీల ట్యూనింగ్ ఫైళ్లను డిస్ట్రోలు పంచిపెట్టేందుకు ఎన్ని కంపెనీలు అనుమతిస్తాయి అన్నవి ఇప్పటికి ఒక్కో కంపెనీ దయాదాక్షిణ్యాల మీదే ఆధారపడి ఉన్నాయి.